పోతురాజు గొడుగూ, మా ఇంటి కంచు పళ్ళెమూ

టీవీ గొడుగు పెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు డాబా మీద ఉండాలి, ఇంకొకరు టీవీ ముందు కూర్చోవాలి. పైనున్నవాడికి బొమ్మ కనబడదు, కిందున్నవాళ్ళకు గొడుగు కనబడదు. మా మరిది పోతురాజు మా ఊళ్ళో నూరిళ్ళకు పైగా గొడుగులు నిలబెట్టాడు. చివరికి తన ఇంటి మీద గొడుగు తిప్పుకునే రోజున టీవీ ముందు కూర్చోవడానికి అతనికి ఒక్క మనిషి దొరకలేదు. ఎందుకు దొరకలేదో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే మీరు దిద్దుకోండి. జరిగినదాంట్లో తప్పు రాయను.

మా చినగెడ్డపేట శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. పోతురాజు నా మొగుడు సూరయ్యకు సొంత తమ్ముడు. వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడకు చెరోవైపు. నేను కాపురానికి వచ్చేనాటికి అతను ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడు. పెద్దయ్యాక మంచి వేటగాడే అయ్యాడు గానీ, బోటు ఇంజను బెల్టులో కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. వల లాగలేని వాడిని బోటెక్కించుకునేది ఎవరు? మూడేళ్ళు అరుగు మీద కూర్చున్నాడు. పెళ్ళాం తవిటమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి పోషించింది.

ఒకరోజు బోరింగు దగ్గర పదిమంది ఆడవాళ్ళు ఉండగా నేనే అన్నాను. "ఒరే పోతురాజు, పెళ్ళాం మెడ వంగిపోతంది. నీ మెడకేటి రోగం? తిండి దిగడానికి బాగానే ఉన్నాది కదా."

మర్నాడు పొద్దున్నే శ్రీకూర్మం పోయి కేబుల్ ఆయన దగ్గర తీగలు మోసే పనిలో చేరాడు. పని అక్కడే నేర్చుకున్నాడు. నా మాటకు పుట్టిన పౌరుషమే అతన్ని పనివాణ్ణి చేసిందని నేను చాలాకాలం చెప్పుకు తిరిగాను.

తరవాత నెలనెలా ఏమీ కట్టక్కర్లేని సర్కారు గొడుగులు వచ్చాయి. పొందూరు సంతలో, శ్రీకాకుళం కొట్లలో కొనుక్కుని అందరూ పోతురాజు దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. గొడుగంటే ఆ వెడల్పాటి రేకే అనుకుంటారు చాలామంది. రేకుదేముంది, ఎండలో నిలబడి ఉంటుంది. అసలు సంగతంతా దాని ముందుకు పొడుచుకొచ్చిన చెయ్యి చివర ఉంటుంది. అక్కడ గుప్పెడంత డబ్బా ఒకటి బిగిస్తారు. కేబుల్ వాళ్ళు దాన్ని ఫీడ్‌హార్న్ అంటారు, మా ఊళ్ళో మూతి అంటాం. ఆకాశం నుంచి దిగేదంతా రేకు మీద పడి ఆ మూతిలోకి పోవాలి. మూతి వెంట్రుకవాసి పక్కకు తిరిగితే టీవీలో నీలం తెర తప్ప ఏమీ ఉండదు.

పోతురాజు ముందు గొట్టం నిలువుగా ఉందో లేదో చూసేవాడు. వలకు కట్టే సీసపు గుండును దారానికి వేలాడదీసి చూసేవాడు. తరవాత రేకును సముద్రం వైపు, కొంచెం దక్షిణానికి తిప్పేవాడు. ఆపైన మూతి పని. పట్టీ వదులు చేసి మూతిని వేలెడు ముందుకు, వేలెడు వెనక్కి జరుపుతూ, గడియారంలో చిన్నముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకు పోయినంత నెమ్మదిగా తిప్పేవాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు మూతిని నిటారుగా బిగించి పోతారు, నువ్వెందుకు ఒరగేస్తావని ఒకసారి అడిగాను.

"ఆకాశంలో తిరిగేది మన నెత్తి మీద నేదు వదినా. తూరుపుకి ఒరిగి ఉన్నాది. అది ఒరిగితే ఇదీ ఒరగాల," అన్నాడు. రెండు వేళ్ళు లేని చేత్తో తిప్పేవాడు. అయిదు వేళ్ళున్నవాళ్ళకు ఆ నాజూకు చూడలేదు నేను.

టీవీలో సిగ్నల్ చూపే రెండు గీతలు కనబడతాయి. పైది ఊరికే లేస్తుంది. కిందది లేస్తేనే బొమ్మ వస్తుంది. కిందగీత లేచిందో లేదో పైవాడికి చెప్పాలంటే మా ఊళ్ళో అరుపులు పనికిరావు. సముద్రం హోరు, గాలి. అందుకని పోతురాజు పళ్ళెం పద్ధతి పెట్టాడు. ఇంటామె టీవీ ముందు పళ్ళెం పట్టుకు కూర్చోవాలి. గీత లేస్తే ఒక దెబ్బ. పడిపోతే రెండు. నిండుగా లేస్తే ఆగకుండా కొట్టాలి. అప్పటికీ అయిపోదు. మర బిగించేటప్పుడు మూతి మళ్ళీ కాస్త తిరుగుతుంది. బిగించాక ఇంకో దెబ్బ వినబడితేనే అతను కిందకు దిగేవాడు. దిగేముందు ఉప్పుగాలి సోకకుండా మూతికి పాలపాకెట్టు కవరు తొడిగి వలదారంతో కట్టేవాడు. పళ్ళెం మోగిందంటే పోతురాజు ఎవరిదో డాబా మీద ఉన్నాడని ఊరంతటికీ తెలిసేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండువేల పద్నాలుగులో, ఎండలు ముదరకముందే, మా ఇంటిని వెలి వేశారు. ఊరి కట్టుబాటు ప్రకారం ఏ బోటు చేపయినా ఒడ్డునే వేలంపాటకు పెట్టాలి, పాట ఊరి పెద్దలు పాడించాలి. ఆ పెద్దలకు పెద్ద నరసింగరావు. అతను తనవాళ్ళకే దక్కేటట్టు పాడిస్తాడని అందరికీ తెలుసు, పైకి అన్నది నేను. అనడమే కాదు, నా కొడుకు శివాజీ తెచ్చిన కోనాం చేపలు నెత్తిన పెట్టుకుని తిన్నగా శ్రీకాకుళం బజారుకు పోయాను. అమ్మవారి గుడి ముందు నిలబడి తప్పయిందని చెప్పమన్నారు. నా కొడుకు సముద్రంలో తడిసి తెచ్చిన చేపకు ఒడ్డున ఎండలో కూర్చున్నవాడి పెత్తనమేమిటని అడిగి వచ్చేశాను. ఆ మాటకు ఇప్పటికీ నేను చింతించడం లేదు.

వెలి అంటే మా ఇంట్లో ఎవరూ అడుగుపెట్టకూడదు, మాతో మాట్లాడకూడదు, మా బోటుకు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నాకు పరవాలేదు. కష్టమంతా సూరయ్యకే. అప్పటికి రెండేళ్ళ కిందట అతనికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మంచం పక్కన కూర్చుని చేపల కబుర్లు చెప్పే మగాళ్ళంతా ఒక్కరోజులో మానేశారు. ఇంట్లో బయటి మనిషి గొంతు వినబడాలంటే టీవీ ఒక్కటే. వైశాఖం గాలులకు మూతి తిరిగిపోయి అదీ పోయింది. మూడు రోజులు ఆ మనిషి నీలం తెరను చూస్తూ పడుకున్నాడు. బాగున్న కంట్లోంచి మాత్రమే నీళ్ళు కారేవి.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఊరంతా ఒడ్డున ఉన్న వేళ, పోతురాజు తన డాబా మీద నుంచి మా డాబా మీదకు దాటాడు. అప్పటికి తవిటమ్మ పోయి ఏడాది దాటింది, ఒంటిగా ఉంటున్నాడు. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చూశాను. అతను నా వైపు చూడలేదు. పిట్టగోడ మీద కాకి ఉంటే దానితో మాట్లాడాడు.

"ఇదిగో కాకీ, సాచ్చికం నువ్వే. నాను ఈ ఇంట్లో అడుగెట్టనేదు. డాబా ఇల్లు కాదు. ఈ ఇంటోల్లతో మాటాడనేదు. పళ్ళెం మోత మాట కాదు. ఆ లోపలున్న మనిసికి సెప్పు, గరిటెకి గుడ్డ సుట్టి మెల్లగా కొట్టమను. నాకు ఇనబడితే సాలు."

నాకు నవ్వొచ్చింది. మూడు నెలలకు వచ్చిన నవ్వు. లోపలికి పోయి స్టీలు పళ్ళెం తీశాను, మళ్ళీ పెట్టేశాను. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చిన కంచు పళ్ళెం అటక మీద నుంచి దింపాను. గరిటె కాదు, ఇనప అట్లకాడ తీసుకున్నాను. గుడ్డ చుట్టలేదు.

ఎందుకు చేశానో దాచను. మూడు నెలలుగా ఊరు మా గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని పోతోంది. మా ఇంటికీ ఒకడు వచ్చాడని నరసింగరావు అరుగు దాకా వినబడాలనిపించింది. మొదటి దెబ్బకే పైనుంచి పోతురాజు కాలితో డాబాను తన్నాడు, మెల్లగా అని. రెండో దెబ్బ ఇంకా గట్టిగా కొట్టాను. మళ్ళీ తన్నాడు. పని మధ్యలో ఒదిలి పోతాడనుకున్నాను, పోలేదు. మూతి తిప్పుతూనే ఉన్నాడు. గీత నిండుగా లేచినప్పుడు నేను కొట్టిన కొట్టుడుకు ఒడ్డున పాట ఆగిపోయిందని తరవాత తెలిసింది. సూరయ్య ఎడంచేత్తో మంచంపట్టె మీద ఒక దెబ్బ కొట్టాడు. అదీ ఆ రోజు మా ఇంటి పండగ.

సాయంత్రం పెద్దలు పోతురాజును పిలిచారు. అతను కాకికి చెప్పిందే వాళ్ళకూ చెప్పాడట. డాబా ఇల్లు కాదు, పళ్ళెం మోత మాట కాదు.

నరసింగరావు అన్నాడట: "పళ్ళెం మోత మాట కాదేటి? మరి గుళ్ళో గంట ఎవుడితో మాటాడతాదిరా?"

అందరూ నవ్వారట. తప్పు ఒప్పుకుంటే ఒదిలేస్తామన్నారు. అన్నకు బొమ్మ చూపించడం తప్పయితే ఆ తప్పు రేపు కూడా చేస్తానన్నాడు పోతురాజు. అతన్నీ వెలి వేశారు. కంచు పళ్ళెం నేను కావాలని మోగించానని అతనికి తెలుసు. ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే నాలుగు తిట్టి ఏడ్చేదాన్నేమో, అక్కడితో తీరిపోయేది.

ఇంకో రెండు నెలలు గడిచాయి. బోటు ఒడ్డున ఎండి బీటలు తీసింది. శివాజీ నాతో చెప్పకుండా పోయి గుడి ముందు నిలబడి తప్పయిందని చెప్పి వచ్చాడు. మా వెలి తీసేశారు, ఒక షరతు మీద. పోతురాజు గడప తొక్కం, పలకరించం అని కాయితం రాసి తెచ్చారు. వేలిముద్ర వెయ్యమని ఇంకుడబ్బా నా ముందుకు జరిపారు. నాకు సంతకం వచ్చునని డబ్బా వెనక్కి తోశాను. బుల్లమ్మ అని గుండ్రంగా, ఒక్క వత్తు తప్పకుండా రాశాను. పక్కనున్నాయన అక్షరాలు బాగున్నాయన్నాడు. నాకు ఆ క్షణంలో గర్వమే కలిగింది. గోడకు అవతల మనిషి గుర్తుకు రావడానికి ఇల్లు చేరేదాకా పట్టింది.

అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. మనుషులం తుఫాను షెల్టరులో దాక్కుని బతికాం, గొడుగులు ఎక్కడ దాక్కుంటాయి? కొన్ని ఎగిరిపోయి జీడితోటల్లో పడ్డాయి. మిగిలినవాటి మూతులన్నీ తలో దిక్కుకూ తిరిగిపోయాయి. కరెంటు వచ్చేసరికి పదిహేను రోజులు పట్టింది. కరెంటు వచ్చాక ఊరంతా ఒకేసారి టీవీలు పెట్టుకుంది, ఊరంతా నీలం తెర. పట్నం మెకానిక్కులను పిలిస్తే పట్నంలోనే పని తెమలడం లేదన్నారు. నరసింగరావు ఇంట్లో కోడళ్ళు సణగడం మొదలుపెట్టారు. నాలుగోనాటికి గుడి మైకులో చాటించారు.

చాటింపు నేను చెవులారా విన్నాను. పోతురాజు వెలి వెలిగానే ఉంటుందట. కానీ అతను గొడుగులు తిప్పవచ్చునట. డాబా ఎక్కడం ఇల్లు తొక్కడం కాదట. పళ్ళెం కొట్టడం మాట్లాడ్డం కాదట.

ఎవరూ నవ్వలేదు ఈసారి. పోతురాజు చెయ్యనంటాడనే అనుకున్నాను. అనాలని అమ్మవారికి దండం కూడా పెట్టుకున్నాను. అతను సీసపు గుండు, పానాలు సంచిలో వేసుకుని బయలుదేరాడు. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒంకరగా నిలబడ్డ గొడుగును చూస్తే అతని చెయ్యి ఊరుకోదు, అదొకటి. రెండోది, అయిదు నెలలుగా ఊళ్ళో, మేం కాయితం రాశాక మా ఇంట కూడా, ఏ మనిషీ అతనికి ఏ చప్పుడూ పంపలేదు. పళ్ళెం మోతయినా చప్పుడే కదా.

వారం రోజులు ఊరు పళ్ళేలతో మోగింది. ఒక్క ఇంట మంచినీళ్ళు ఇవ్వలేదు. నడుముకు సీసా కట్టుకుని తిరిగాడు. డాబాల మీద కూర్చుని తన సీసాలో నీళ్ళు తను తాగాడు. నరసింగరావు ఇంట్లో మూతిలో కుమ్మరిపురుగు మట్టిగూడు పెట్టి ఉంటే పుల్లతో గీకి శుభ్రం చేసి మరీ పెట్టాడట. మా డాబా మీదకు ఆరో రోజున వచ్చాడు. నేను గరిటెకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాను. మెల్లగా కొట్టాను. పైన అడుగులు కాసేపు కదలలేదు. తరవాత మర బిగించిన చప్పుడు వినబడింది.

అందరివీ అయ్యాక తన గొడుగు మిగిలింది.

అది ఆదివారం పొద్దున. పోతురాజు డాబా ఎక్కి మూతి కాస్త తిప్పి, మెట్లు దిగి, లోపల టీవీ చూసి, మళ్ళీ ఎక్కేవాడు. దిగేవాడు. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి. చేతికి సరిగ్గా కుదిరినా మర బిగించేటప్పుడు తిరిగిపోతుంది, తిరిగిందని చెప్పేవాళ్ళు లేరు. కిందకు వచ్చి చూసేసరికి గీత పడిపోయి ఉండేది. టీవీని తనే మోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు, పైనుంచి కనబడుతుందేమోనని. ఎండకు తెర తళతళమంటోంది, గీత ఏం కనబడుతుంది? దుప్పటి కప్పాడు. దుప్పటి కప్పితే అసలే కనబడదు. మళ్ళీ లోపలికి మోశాడు. వీధిలో పోయేవాళ్ళు చూస్తూ పోయారు.

ఇరవై సార్లు ఎక్కి దిగాక గోడ దగ్గరికి వచ్చాడు. నేను వాకిట్లో చేపలు కోస్తున్నాను. ఈసారి కాకితో కాదు, నాతోనే అన్నాడు.

"వదినా, ఒక్కపాలి వచ్చి కూకో. మాటాడొద్దు. పళ్ళెం కొట్టు, సాలు."

ఆ పూట శివాజీ బోటు సముద్రం మీద ఉంది, నిండా మనుషులతో. నేను ఆ గడప తొక్కితే రేపు ఆ బోటు మళ్ళీ ఒడ్డున పడుకుంటుంది. వీధి చివర అరుగు మీద నరసింగరావు కూర్చుని ఇటే చూస్తున్నాడు. నేను చేపల పళ్ళెం తీసుకుని, కత్తిపీట అక్కడే ఒదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. పోతురాజు మళ్ళీ డాబా ఎక్కిన అడుగులు వినబడ్డాయి.

అప్పుడు సూరయ్య చేసిన పని చెప్పాలి. మంచం పక్కన స్టీలు గ్లాసు ఉంటుంది. అతను ఎడంచేత్తో దాన్ని తీసి మంచంకోడుకు వేసి కొట్టాడు. ఒక దెబ్బ. గీత లేచిందని. అతనికి ఏ గీత కనబడింది? తమ్ముడికి తోడుగా కొట్టాడంతే. గోడ అవతల అడుగులు మెట్ల మీద గబగబా దిగాయి. బొమ్మ రాలేదు మరి. అడుగులు నెమ్మదిగా మళ్ళీ ఎక్కాయి. సూరయ్య మళ్ళీ కొట్టాడు. అడుగులు మళ్ళీ దిగాయి. అది అన్న కొట్టిన గ్లాసని తమ్ముడికి తెలియకుండా ఉంటుందా? తెలిసే దిగాడేమో. మూడోసారి సూరయ్య చెయ్యెత్తినప్పుడు నేను గ్లాసు లాక్కున్నాను.

లేని బొమ్మకు ఆ మనిషిని మెట్లు దింపడం పాపమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ మోత అరుగు దాకా పోతుందని భయపడ్డాను. కంచు పళ్ళెం మోగించినదాన్ని, స్టీలు గ్లాసుకు భయపడ్డాను. సూరయ్య నన్ను చూసిన చూపు మాట ఉన్నవాళ్ళ తిట్టు కన్నా ఎక్కువ. ఆ తరవాత అతను మూడేళ్ళు బతికాడు. నేను నీళ్ళిస్తే తాగాడు గానీ, ఆ గ్లాసుతో ఇస్తే నోరు మూసుకునేవాడు.

సాయంత్రానికి పోతురాజు గొడుగు ఊడదీశాడు. మూతిని పీకి పానాల సంచిలో పడేశాడు. రేకును వాకిట్లో వెల్లకిలా పెట్టాడు. మర్నాటి నుంచి అందులో నెత్తళ్ళు, ఆ సన్న చేపలు, ఎండబెడుతున్నాడు.

ఏడాది తిరిగాక ఏదో పెళ్ళి సందట్లో వెలి దానంతట అదే పోయింది. తీసేశామని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఇప్పుడు అందరూ అతన్ని పలకరిస్తారు, అతనూ పలుకుతాడు. గొడుగు మాట ఎత్తితే మాత్రం చెయ్యి వణుకుతోందని చెప్పి చేపలు తిప్పుకుంటాడు. ఊళ్ళో చాలామంది నెలనెలా కట్టే గొడుగులకు మారిపోయారు. నేను మారలేదు. అతను చివరగా తిప్పిన మూతి మా డాబా మీద నాలుగేళ్ళు కదలకుండా నిలబడింది. పోయిన నెల పాలకవరు చిరిగి, పురుగు గూడు పెట్టి, బొమ్మ ముక్కలు ముక్కలుగా రావడం మొదలెట్టింది.

రెండు రోజులు చూసి, గోడ దగ్గరికి పోయి పిలిచాను. ఒక్కసారి డాబా ఎక్కరా, నేను కింద కూర్చుని కొడతాను, అని అడిగాను. నా నోటితో ఒకరిని అడగడం నాకు అలవాటు లేదు, అయినా అడిగాను.

పోతురాజు రేకులో నెత్తళ్ళు వేళ్ళతో విడదీస్తూ తల ఎత్తకుండా చెప్పాడు. "పళ్ళెం నీ కాడే ఉన్నాది కదా వదినా. కొట్టుకో. ఎవుడో ఒకడు ఎక్కుతాడు."

తరవాత, అన్నం తిన్నావా అని కూడా అడిగాడు. తిన్నానన్నాను. ఇంకా తినలేదు.